రాయనిది జరగనట్టే

మందుల ఫ్యాక్టరీ ల్యాబులో చేరిన రోజే నేర్పే మాట ఒకటుంది: రాయనిది జరగనట్టే. శాంపిల్ ఎప్పుడు తూచావు, ఏ బ్యాలెన్స్ మీద తూచావు, పక్కన ఎవరున్నారు, అన్నీ అప్పటికప్పుడు నోట్‌బుక్కులో పడిపోవాలి. తప్పు రాస్తే వైట్నర్ పూయకూడదు, దిద్దకూడదు. ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, పొట్టి సంతకం, తేదీ. గీత కింద ఉన్న తప్పు కూడా చదవడానికి వీలుగా ఉండాలి. నాలుగేళ్లుగా ఇదే నా పని. అలాంటిదాన్ని, నాకు జరిగింది మాత్రం ఏడు నెలలు ఎక్కడా రాయలేదు.

మాది పలాస పక్క ఊరు. అమ్మ జీడి బట్టీలో పనిచేస్తుంది. నేను శ్రీకాకుళంలో ఇంకో అమ్మాయితో కలిసి గది తీసుకుని ఉంటున్నాను. పొద్దున్నే డే అండ్ నైట్ జంక్షన్‌లో కంపెనీ బస్సెక్కితే ఎచ్చెర్ల, చిలకపాలెం, రణస్థలం మీదుగా పైడిభీమవరం వైపు. అక్కడున్న ఫ్యాక్టరీల్లో మాదేదో చెప్పను, నన్ను వేధించినాయన పేరూ చెప్పను, కొన్ని వివరాలు మార్చాను కూడా. ఫిర్యాదు చేసినామె ఎవరు, ఎవరి మీద చేసింది, విచారణలో ఏం తేలింది అన్నవి బయటపెట్టకూడదని పనిచోట ఆడవాళ్ల మీద లైంగిక వేధింపులు ఆపడానికి వచ్చిన 2013 నాటి చట్టం పదహారో సెక్షన్ చెబుతుంది. ఎవరినీ గుర్తుపట్టే వీలు లేకుండా, న్యాయం జరిగిన సంగతి చెప్పుకోవచ్చని కూడా అందులోనే ఉంది. ఆ సందులోంచే ఇది రాస్తున్నాను.

ఆయన మా సెక్షన్ హెడ్. నలభై దాటినవాడు, ఇద్దరు పిల్లలు, పని బాగా వచ్చినవాడు. హెచ్‌పీఎల్‌సీ, అంటే మందులో ఏది ఎంతుందో గీతల్లో చూపించే మిషన్, దాని మీద నాకు తెలిసినదాంట్లో సగం ఆయన నేర్పిందే. ఈ ముక్క చెప్పకపోతే కథ సులువవుతుంది గానీ అబద్ధమవుతుంది. 2024 ఫిబ్రవరిలో మొదలైంది. నేను కంప్యూటర్ ముందు కూర్చుంటే వెనక నిలబడి, "ఆ పీక్ చూడు" అంటూ మౌస్ మీదున్న నా చెయ్యి మీద చెయ్యేసేవాడు. మొదటిసారి పొరపాటనుకున్నాను. రెండోసారీ అలాగే అనుకున్నాను. తర్వాత రాత్రి పదకొండింటికి వాట్సాప్: "ఇంకా పడుకోలేదా?", "బ్లూ డ్రెస్ నీకు బాగుంది." నేను "ఓకే సార్" అని పెట్టేదాన్ని. ఒకట్రెండుసార్లు బొటనవేలు బొమ్మ కూడా పెట్టాను. ఆ బొటనవేలు ఎందుకు పెట్టావో చెప్పమని తర్వాత నలుగురి ముందు అడిగారు.

బ్యాలెన్స్ రూమ్ గురించి తెలియనివాళ్లకి ఒక మాట. అది అగ్గిపెట్టెంత గది. చిన్న గాలి తగిలినా తూకం అంకె ఊగిపోతుంది కాబట్టి తలుపు మూసే ఉంచుతాం. ఆయన ఆ గదిలోకి వచ్చేవాడు. అక్కడ తుడిచే అప్ప ఉంటే "తర్వాత చేసుకో" అని పంపేసేవాడు. ఒకరోజు నడుం మీద చెయ్యి పడితే, "సార్, దూరంగా ఉండండి" అన్నాను. నాకే వినబడనంత మెల్లగా అన్నాను. ఆయనకి మాత్రం వినబడింది. ఆ వారం నుంచి నా నోట్‌బుక్కులు వెనక్కి రావడం మొదలైంది. ఇది సరిగా లేదు, అది మళ్లీ చెయ్యి, ఇంత నెమ్మదైతే అప్రైజల్లో ఏం రాయను?

ఆగస్టు 19న కేరళలో హేమ కమిటీ నివేదిక బయటికొచ్చింది. మలయాళ సినిమాల్లో ఆడవాళ్లు పడే బాధల మీద 2019 చివర్లోనే ప్రభుత్వం చేతికిచ్చినది, నాలుగున్నరేళ్లు బీరువాలో పడుకుంది. బస్సులో ఫోన్లన్నిట్లో అదే. వెనక సీట్లోంచి ఒకాయన "సినిమావోళ్ల గోల మనకెందుకు, పాటలెట్టు" అన్నాడు. ఆ సాయంత్రం క్యాబిన్‌లో మావాడు నవ్వుతూ, "ఇప్పుడు మీ ఆడోళ్లకి గుడ్ మార్నింగ్ చెప్పాలన్నా భయమేస్తోంది" అన్నాడు. అంత భయపడుతున్నవాడి చెయ్యి నా కుర్చీ వీపు మీద ఉంది.

ఆ రాత్రి గదిలో ఒక రూళ్ల నోట్‌బుక్కు తీసి గళ్లు గీశాను. తేదీ, సమయం, చోటు, ఏం జరిగింది, ఎవరు చూశారు. నాకు వచ్చింది అదొక్కటే మరి. వాట్సాప్ మెసేజీల తేదీలు పట్టుకుని వెనక్కి వెళ్తే మిగతావి ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. పదిహేడు వరసలొచ్చాయి. ఏడవలేదు. ఎనిమిదో వరసలో "ఎవరు చూశారు" గడిలో ఏం రాయాలో తెలీక చాలాసేపు కూర్చున్నాను. చివరి వరస సెప్టెంబరు 3న చేరింది.

వినాయక చవితికి ఇంటికెళ్లి అమ్మకి చెప్పాను. ముందు అందరమ్మలూ అనేదే అంది. "పెళ్లి కావాల్సిన పిల్లవి. ఊరంతా ఊసులైపోద్దే. వేరే కంపెనీ సూసుకో." రాత్రి పక్క వేసుకున్నాక, లైటు తీసేశాక, ఇంకోలా మాట్లాడింది.

"మా మేస్త్రీ ఒకడుండీవోడు. నువ్వు కడుపులో ఉన్నప్పుడు. తూకం కాడ నిలబడితే ఈపు మీద సెయ్యేసీవోడు."

"మరి మీరేం చేసేవారు?"

"ఏటి సేస్తాం? ఎవలం ఒక్కలం కూకునీవోళ్లం కాదు. ముగ్గురేసి కూకునీవోళ్లం. తూకానికెల్లినా ముగ్గురం ఒకపాలే."

జీడిపిక్కల నూనె పడి అమ్మ వేళ్ల చివర్లు ఎప్పుడూ నల్లగానే ఉంటాయి, తోలు ఊడి మళ్లీ వస్తుంటుంది. ఆ చేతుల సంగతి చిన్నప్పటినుంచీ తెలుసు. ఈ సంగతి తెలీదు. పాతికేళ్లు దాటాక అమ్మ నోట్లోంచి మొదటిసారి వచ్చింది, అదీ చీకట్లో. పొద్దున్న నన్ను బస్సెక్కించేటప్పుడు, "రాసీ. ఉజ్జోగం పోతే పోద్ది. పిక్కలున్నాయి కదేటి" అంది.

ఆ చట్టం కింద ఆఫీసులో ఉండే విచారణ కమిటీకి ఫిర్యాదివ్వడానికి మూడు నెలలు గడువు. వరసగా జరుగుతుంటే చివరిదాని నుంచి లెక్క. ఆలస్యానికి తగిన కారణం చూపిస్తే కమిటీ ఇంకో మూడు నెలలు ఇవ్వొచ్చు. ఇది చదివి నేను నవ్వుకున్నాను. నాకు జరిగింది జరిగినట్టు ఒప్పుకోవడానికే ఏడు నెలలు పట్టింది, అమ్మకి పాతికేళ్లు. పత్రికా సంపాదకుడిగా చేసి కేంద్రమంత్రి అయిన ఎం.జె. అక్బర్, తనని వేధించాడని బయటపెట్టిన జర్నలిస్టు ప్రియా రమణి మీద వేసిన పరువునష్టం కేసులో 2021 ఫిబ్రవరి 17న ఢిల్లీ కోర్టు ఆమె తప్పేమీ లేదంటూ, ఆడమనిషి తన బాధని దశాబ్దాల తర్వాతైనా చెప్పుకోవచ్చు అంది. చెప్పుకోవచ్చు, నిజమే. ఆఫీసు కమిటీ ముందు మాత్రం మూడు నెలలే. ఇది మార్చాల్సిన గడువని నా గట్టి అభిప్రాయం.

మా క్యాంటీన్ గోడ మీద కమిటీ పేర్ల నోటీసుంది. రోజూ దాని కిందే చెయ్యి కడుక్కునేదాన్ని. ఎప్పుడూ చదవలేదు. చదివితే, కమిటీ అధ్యక్షురాలు, అదే ప్రిసైడింగ్ ఆఫీసరు మేడమ్ హైదరాబాద్ ఆఫీసుకి వెళ్లిపోయి రెండేళ్లు. ఆడిటర్లు వస్తారని నోటీసుకి కొత్త ఫ్రేమ్ కట్టించారు, పేరు మార్చలేదు. పదిమందీ అంతకుమించీ పనిచేసే ప్రతి చోటా ఈ కమిటీ ఉండాలి, దానికి పైస్థాయి మహిళా ఉద్యోగే అధ్యక్షురాలు కావాలి, సగానికి తగ్గకుండా ఆడవాళ్లుండాలి, బయటి మనిషి ఒకరుండాలి. కమిటీ పెట్టకపోతే యాభై వేల వరకు జరిమానా. నేను హెచ్ఆర్‌లో ఆ పేరు గురించి అడిగిన మూడో రోజుకి కొత్త పేరుతో కొత్త కాగితం వచ్చింది. నా ఫిర్యాదు వల్ల వచ్చిన మొదటి ఫలితం అదే అనుకుంటా. అప్పటికింకా ఫిర్యాదు ఇవ్వనేలేదు.

ఇక ఆరు కాపీలు. ఫిర్యాదు ఆరు ప్రతులు, ఆధారాలు, సాక్షుల పేర్లు, చిరునామాలు కలిపి ఇవ్వాలని రూల్సులో ఉంది. ఆఫీసు ప్రింటర్ మీద తీసే విషయం కాదు కదా. ఆదివారం పొద్దున్న ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర జిరాక్స్ షాపుకెళ్లాను. ఇరవయ్యేళ్ల కుర్రాడు. మొదటి కాగితం గాజు మీద పెడుతూ పై రెండు లైన్లు చదివేశాడు. వాడి చెయ్యి ఆగడం చూశాను. నా మెడ దగ్గర వేడెక్కిపోయింది. వాడు ఒక్కమాట మాట్లాడకుండా కట్ట మొత్తం బోర్లా తిప్పి, రాసిన వైపు నాకు గానీ వాడికి గానీ కనబడకుండా ఒక్కొక్కటే లాగి తీశాడు. అన్నీ అయ్యాక అడగకుండానే గోధుమరంగు కవర్లు ఆరు తెచ్చి పెట్టాడు. "కవర్లకి వద్దులెండక్కా" అన్నాడు. ఈ వ్యవహారం మొత్తంలో నాకు దొరికిన మొదటి సాయం అది. ఇవాళ్టికీ ఆ దారిన వెళ్తే చూస్తాను షాపు తీసుందా లేదా అని.

హెచ్ఆర్‌ ఆయన చెడ్డవాడేం కాదు. తలుపు వేసి, వెంటనే ఏదో గుర్తొచ్చినట్టు మళ్లీ తీసి, "అమ్మా, మాట్లాడి సర్దుకుందాం, ఇద్దరికీ ఫ్యామిలీలున్నాయి" అన్నాడు. రాజీ అన్నది ఫిర్యాదు చేసినామె కోరితేనే, అదీ డబ్బు లావాదేవీ లేకుండానే అని చట్టంలో ఉందని చెప్పాను. "బాగానే చదివావే" అన్నాడు. పోలీసులకి వెళ్తావా అని కూడా అడిగాడు, అది ఆరా తీయడానికి. వెళ్లొచ్చు. 2024 జూలై నుంచి భారతీయ న్యాయ సంహిత 75వ సెక్షన్ కింద ఇది నేరం, అంతకుముందు ఐపీసీ 354-ఏ. నేను వెళ్లలేదు. అమ్మ పోలీస్ స్టేషన్ అనగానే వణికిపోతుంది, నాకూ రెండు యుద్ధాలు చేసే ఓపిక లేదు.

నన్ను వేరే బ్లాకుకి పంపుతామన్నారు. నేనెందుకెళ్లాలి? నా బెంచి, నా మిషన్లు. విచారణ అయ్యేదాకా ఫిర్యాదు చేసినామె పని మీద ఆయన రిపోర్టు రాయకూడదు, వేరే ఆఫీసరుకి అప్పగించాలి అని కమిటీ చెప్పొచ్చు. అది రాసి అడిగాను. నా నోట్‌బుక్కులు రివ్యూకి పక్క సెక్షన్‌కి వెళ్లడం మొదలయ్యాక ఒక్క పేజీ కూడా వెనక్కి రాలేదు. నా పని బాగుందని ఏడు నెలల తర్వాత తెలిసింది. దీనికి మాత్రం ఏడ్చాను.

బస్సులో నా పక్క సీటు ఖాళీగా ఉండేది. మగవాళ్లు కూర్చోకపోవడం సరే, ఆడపిల్లలు కూడా. పక్క బెంచి అమ్మాయి, నా గదిలోనే ఉండేది, "నేను చూశాను, చెప్తాను" అన్నది. వారం తర్వాత రాత్రి అన్నం తింటూ, తన సంబంధం ఖాయమైందని, అటువాళ్లది కూడా ఇదే కంపెనీ అని, తన పేరు తీసేయమని అడిగింది. కోపమొచ్చింది. అన్నం పారేసి లేచిపోయాను. ఇప్పుడు ఆలోచిస్తే, ఏడు నెలలు నోరు మూసుకున్నదాన్ని నేను, ఆ పిల్లనేం అనగలను?

కమిటీలో బయటి సభ్యురాలు విజయనగరం నుంచి వచ్చేవారు. రిటైరైన లెక్చరరు, మహిళా సంఘాల్లో పనిచేసినావిడ. మొదటి విచారణ సిరిమాను వారంలో పెడితే, "పైడితల్లి జాతరకి మా ఊళ్లోంచి బయటికి రావాలంటే ఎగిరి రావాలి" అని వాయిదా వేయించారు. ఆ వాయిదాకి కూడా నేను కంగారుపడ్డాను. ఫిర్యాదు అందిన ఏడు పనిరోజుల్లో ఆయనకి కాపీ వెళ్లింది, పది పనిరోజుల్లో జవాబివ్వాలి. ఇచ్చాడు. నాలుగు పేజీలు. నేను పనిలో నెమ్మది, మందలిస్తే పగపట్టాను, తేదీలు కూడా మార్చుకున్నాను అని.

ఆ తేదీల సంగతి ఇది. నా ఫిర్యాదులో ఒకచోట ఆగస్టు 13 అని రాసి, వాట్సాప్ చూసుకుని, గీత కొట్టి 14 చేశాను. పక్కన పొట్టి సంతకం, తేదీ. చెయ్యి అలవాటు. విచారణలో ఆయన ఆ కాగితం ఎత్తి చూపించి, "చూడండి మేడమ్, దిద్దుకుంది" అన్నాడు.

విజయనగరం మేడమ్ కళ్లజోడు సవరించుకుని, "ఎందుకు కొట్టేశావమ్మా?" అన్నారు.

"తప్పు రాశాను మేడమ్. తప్పు కనబడేలా ఒక్క గీత కొట్టి సంతకం పెట్టాలని మాకు నేర్పారు."

"ఎవరు నేర్పారు?"

నేను ఆయన వైపు చూశాను. నా శిక్షణ కాగితాల మీద సంతకం ఆయనదే. గదిలో కాసేపు ఏసీ చప్పుడే. మేడమ్ ఏదో రాసుకున్నారు.

బొటనవేలు బొమ్మ గురించి అడిగింది కూడా అప్పుడే. "ఇష్టం లేకపోతే ఎందుకు పెట్టింది?" అని ఆయన ప్రశ్న. పై అధికారికి రాత్రి పదకొండింటికి ఏం జవాబివ్వాలో ఏ ట్రైనింగులోనూ చెప్పలేదు సార్, అని నా జవాబు. మెరుగైన జవాబు ఆ రాత్రి బస్సులో తట్టింది, ఇలాంటివన్నీ బస్సులోనే తడతాయి.

కేసు నిలబెట్టింది నేను కాదు, తుడిచే అప్ప. ఆమె కాంట్రాక్టు మనిషి. కాంట్రాక్టు వాళ్లు, ట్రైనీలు, అప్రెంటిస్‌లు అందరూ ఈ చట్టం కింద ఉద్యోగులే అని నేను చెబితే, "సట్టం సంగతి నాకు తెల్దమ్మా, నన్ను రేపు రావొద్దంతే నీ సట్టం బువ్వెడతాదేటి" అంది. నేను ఇంక అడగలేదు. రెండో విచారణ రోజు చీర కొంగు నిండా కప్పుకుని తనే వచ్చి గది బయట కూర్చుంది. లోపల చెప్పింది నాలుగే మాటలట: ఆయన లోపలికెల్లినప్పుడల్లా నన్ను బయటికి తోలీసేవోడు, ఈ పిల్ల బయటికొచ్చీసరికి మొకం తెల్లగా పాలిపోయుండీది, నానొక దినం తలుపు గాజులోంచి సూశాను, నా కూతురికీ ఈ పిల్ల వయసే. ఆ తర్వాత నాలుగు నెలలు, కాంట్రాక్టరు ఆమెని తీసేస్తాడేమోనని నేను రోజూ గేటు దగ్గర చూసుకునేదాన్ని. తీసెయ్యలేదు.

టీ విరామంలో మేడమ్ భన్వారీ దేవి సంగతి చెప్పారు. రాజస్థాన్ పల్లెలో, చిన్నపిల్ల పెళ్లి ఆపబోయినందుకు 1992లో ఆమె మీద సామూహిక అత్యాచారం చేశారు. 1995లో కింది కోర్టు నిందితుల్ని వదిలేసింది. ఆ పోరాటంలోంచే మహిళా సంఘాలు సుప్రీంకోర్టుకెళ్తే పనిచోట లైంగిక వేధింపుల మీద 1997లో విశాఖ తీర్పు వచ్చింది, పదహారేళ్లకి ఈ చట్టం. విశాఖ అంటే మన పక్కనున్న విశాఖపట్నం అనుకున్నాను ఇన్నాళ్లూ. కాదట, కేసు వేసిన సంస్థల్లో ఒకదాని పేరు. అమ్మకి ఫోన్లో ఈ కథ చెబితే, "మరి ఆయమ్మకి న్యాయం జరిగిందేటి?" అంది. ఆమె వల్ల దేశమంతటికీ చట్టం వచ్చింది గానీ ఆమెకి జరగలేదని చెప్పాను. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు.

తొంభై రోజుల గడువుకి రెండు రోజుల ముందు విచారణ ముగిసింది. మెసేజీలు, బ్యాలెన్స్ రూమ్ రుజువయ్యాయి. అప్రైజల్ బెదిరింపు రుజువు కాలేదు. రుజువు కాకపోవడం వేరు, అబద్ధపు ఫిర్యాదు వేరు అని చట్టమే చెబుతుంది కాబట్టి నాకేం కాలేదు. ఆయన రాతపూర్వక క్షమాపణ ఇచ్చాడు, ఇంక్రిమెంటు ఆపారు, వేరే యూనిట్‌కి బదిలీ చేశారు. ఉద్యోగం పోలేదు. వెళ్లే రోజు క్యాంటీన్‌లో కేకు కోశారు. నాకూ ఒక ముక్క ప్లేటులో పెట్టి బెంచి మీద పెట్టారెవరో, ల్యాబులో తిండి తేకూడదన్న రూలు కూడా మర్చిపోయి. తీసి చెత్తబుట్టలో వేశాను. లాగ్‌బుక్కులో రాయలేదు.

తర్వాత? కొందరు మగవాళ్లు నాతో మాట్లాడటం మానేశారు. "జాగర్త, కంప్లైంటిస్తాది" అన్నది కొన్నాళ్లు జోకు. ఒక మేనేజరు ఇక ఆడపిల్లల్ని తీసుకోవద్దన్నాడని విన్నాను, ఆ ఏడాదే మా ల్యాబులో కొత్తగా ముగ్గురు అమ్మాయిలు చేరారు. క్యాబిన్ తలుపులకి గాజులు పెట్టించారు. రాత్రి తొమ్మిది దాటాక మెసేజీలు గ్రూపులోనే వస్తున్నాయి. ఇవన్నీ కాగితం మీద చూపించేవి. చూపించలేనిది బస్సులో జరిగింది. ఫిబ్రవరిలో ఒకరోజు ప్యాకింగ్ సెక్షన్ పిల్ల, ముఖపరిచయం కూడా లేదు, వచ్చి నా పక్క ఖాళీ సీట్లో కూర్చుంది. చిలకపాలెం దాకా ఏమీ మాట్లాడలేదు. అక్కడ, "అక్కా, ఆ నోట్‌బుక్కులో గళ్లు ఎలా గీశావు?" అంది. ఆ తర్వాత ఇంకో ఇద్దరు. ముగ్గురిలో ఒక్కతే ఫిర్యాదు ఇచ్చింది. మిగతా ఇద్దరూ గళ్లు గీసుకుని ఉంచుకున్నారు.

పెళ్లయి వెళ్లిన నా గది అమ్మాయి ఇప్పటికీ ఫోన్ చేస్తుంది. ఆ విషయం ఎత్తదు, నేనూ ఎత్తను.

ఎండాకాలంలో అమ్మ ఫోన్. "ఒలే, మా బట్టీల ఎనిమిది మందిమే. మాకూ కమిటీ ఉంటాదేటి?" పదిమందికి తక్కువున్న చోట్ల వాళ్ల కోసం, యజమాని మీదే ఫిర్యాదు ఉన్నవాళ్ల కోసం జిల్లాకొక స్థానిక కమిటీ ఉంటుంది, ప్రతి జిల్లాలోనూ అది ఉండి తీరాలని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు గడువు పెట్టి మరీ చెప్పింది అన్నాను. రాయడం రాకపోతే కమిటీవాళ్లే సాయం చేసి రాయించాలని కూడా చెప్పాను. "ఆళ్లెందుకు, నువ్వు లేవేటి? ఆదోరం రా" అంది.

ఆదివారం వెళ్లేసరికి మా అరుగు మీద పందొమ్మిదేళ్ల పిల్ల, వాళ్లమ్మ, ఇంకో ఇద్దరు బట్టీ ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. ముగ్గురేసి కూర్చునే అలవాటు. నోట్‌బుక్కు తీసి గళ్లు గీశాను. మొదటి గడి, తేదీ. పిల్ల తలొంచుకుని, "తేదీ గుర్తులేదక్కా, బట్వాడా దినం" అంది. బట్టీలో వారానికోసారి కూలి డబ్బులిచ్చే రోజు, శనివారం. ఏ శనివారం? అమ్మ లేచి గోడకున్న కేలండరు మేకు నుంచి ఊడదీసి తెచ్చి మధ్యలో పెట్టింది.

"కోటా బియ్యం ఇచ్చిన వారం కాదేటే?" అంది పిల్ల తల్లి.

"కాదప్పా, ఆ తర్వాత వారం. ఆ దినం వాన పడి పిక్కలు తడిసిపోనాయి, గుర్తులేదేటి?"

అమ్మ నల్లటి వేలు కేలండరు మీద ఒక్కో శనివారం మీదుగా కిందకి జరుగుతోంది. నేను పెన్ను మూత తీసి, ఆ వేలు ఎక్కడాగుతుందా అని చూస్తూ కూర్చున్నాను.